గుర్రానికి మిన్నల్లులు పడతాయా? పక్కన మేకల దొడ్డి, షెడ్డులో కుక్కలు

మైపాడుతీరం · మొదటి రోజు, ఉదయం 6:40

అందరికీ నమస్కారం. రెండు గుర్రాలుండాయి. ఒకటి తెల్లది, పెళ్లిళ్లకి పోతాది. ఇంకోటి ఎర్రది, బీచిలో పిల్లల్ని ఎక్కించుకుంటాది. రేకుల షెడ్డు, కింద మట్టినేల, మీద వరిగడ్డి. గోడ అవతల మేకల దొడ్డి. రాత్రయితే మూడు కుక్కలు షెడ్డులో గడ్డి మీదే పడుకుంటాయి.

పది రోజుల్నించి తెల్లది జూలూ తోక మొదలూ స్తంభానికేసి ఒకటే రుద్దడం. జూలు మధ్యలో జానెడు మేర వెంట్రుకలు తెగిపోయి చీపురుకట్ట మాదిరి నిలబడ్డాయి. ఎర్రదానికి మెడ మీద ఏం లేదు. మోకాళ్ల కింద మాత్రం కందిగింజంత దద్దుర్లు, ఊరికే కాళ్లు నేలకేసి కొడతా ఉండాది. షెడ్డు ఊడ్చేవాళ్ల చీలమండల మీద కూడా ఎర్ర చుక్కలు లేచినాయి. "మా మేకల మీది మిన్నల్లులే, ఆ ఎగిరే పురుగులే, మీ గుర్రాలకెక్కినాయి" అని మేకలోళ్లే అంటుండారు. మందుల షాపులో గేదెల పిడుదుల మందు ఇచ్చి, బకెట్ నీళ్లలో కలిపి ఒళ్లంతా పోసేయమన్నారు. ఇంకా పొయ్యలా. పొయ్యొచ్చా?

కావలి_పశువైద్యం · ఉదయం 6:58

పోయకండి. ముందు సీసా మీద మందు పేరు చదివి ఇక్కడ పెట్టండి. మిగతా సంగతులు తర్వాత.

మైపాడుతీరం · ఉదయం 7:05

అమిట్రాజ్ 12.5 శాతం అని ఉండాది మేడమ్.

కావలి_పశువైద్యం · ఉదయం 7:31

అనుకున్నదే. ఆ సీసాని గుర్రాల షెడ్డులోంచి తీసి అవతల పెట్టేయండి. అమిట్రాజ్ గేదెలకీ ఆవులకీ పిడుదుల మీద బాగానే పనిచేస్తుంది, కుక్కలకీ వాడతారు. గుర్రానికి మాత్రం విషం. చర్మంలోంచి లోపలికి పోయి పేగుల కదలికని ఆపేస్తుంది. గుర్రం పెద్దపేగు చాలా పెద్దది, మలుపులతో ఉంటుంది. అది కదలకపోతే మేత అందులోనే గట్టిపడి ముద్ద కట్టుకుంటుంది. ఒకటి రెండు రోజుల్లో కడుపునొప్పితో పడి దొర్లుతుంది. దక్కకపోవచ్చు కూడా.

పశువుల మందే కదా, గుర్రమూ పశువే కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. మన జిల్లాల్లో ఆవులూ గేదెలూ ఊరూరా ఉన్నాయి, గుర్రాలు ఎక్కడో ఒకటీ రెండూ. అందుకే షాపులో చేతికందేవి వాటి మందులే. కొనేముందు "అమిట్రాజ్" అన్న మాట ఉందేమో చూసి, ఉంటే వదిలేయండి.

ఇది చదివేవాళ్లలో ఇప్పటికే ఎవరైనా పోసి ఉంటే వెంటనే సబ్బునీళ్లతో రెండు మూడుసార్లు ఒళ్లంతా కడగండి. ఒళ్లు నాక్కోకుండా చూడండి. డొక్కకి చెవి ఆనించి వినండి. మామూలుగా నిమిషంలో రెండు మూడుసార్లయినా గుడగుడలు వినపడాలి. అటూ ఇటూ రెండు డొక్కల్లోనూ చప్పుడు లేకపోయినా, లద్దె ఆగినా, మేత పక్కన పెట్టి డాక్టరుని పిలవండి. 1962కి ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. విరుగుడు మందు డాక్టరు చేతి మీదుగానే పడాలి.

ఇప్పుడు మీ ప్రశ్న. మిన్నల్లి గుర్రాన్ని కుడుతుంది. కుడుతుంది గానీ దాని మీద సంసారం పెట్టదు. దాని ఇల్లు కుక్క, పిల్లి, మేక. గుర్రాలు రెండింటికీ ఒకే జబ్బు అనుకుంటున్నారు. నాకైతే మీరు రాసినదాంట్లో రెండు వేరు వేరు బాధలు కనపడుతున్నాయి.

జట్కారోడ్డు · ఉదయం 8:20

డాక్టరమ్మ చెప్పింది అక్షరాలా నిజం. నేనొక మాట కలుపుతా. మనవైపు ఒంటి మీద పాకేదాన్నల్లా పేలు అనో గోమార్లు అనో అనేస్తారు, అక్కడే తికమక మొదలు. నాలుగు పురుగుల్ని విడదీసి చూడు తమ్ముడూ.

మిన్నల్లి ముదురు గోధుమరంగు. రెండు పక్కల నించి నొక్కినట్టు సన్నగా, చేప నిలబడ్డట్టు ఉంటాది. రెక్కల్లేవు, వెనక కాళ్లు పొడుగు. వేలు పెడితే ఎగిరిపోతాది. పేను పైనించి నొక్కినట్టు చదునుగా ఉంటాది, ఎగరదు, మెల్లగా పాకతాది, వెంట్రుక మొదట్లో ఈపులు, అంటే దాని గుడ్లు, అంటించి పోతాది. పిడుదుకి ఎనిమిది కాళ్లు, ఒకచోట మూతి గుచ్చి కదలదు, నెత్తురు తాగి చిక్కుడుగింజంత అవతాది. నాలుగోది గజ్జి పురుగు, కంటికి కనపడదు, చర్మం గీకి మైక్రోస్కోపులో చూడాల్సిందే. ఇవి కాక చదునుగా, గట్టిగా, తోక కింద పక్కకి పక్కకి పరిగెత్తే ఈగ ఒకటుంది. చేత్తో నొక్కినా చావదు. దాన్ని గుర్రపు ఈగ అంటాం. దానికి రెక్కలుంటాయి కాబట్టి పోల్చుకోవడం తేలిక.

ఒంగోలు_ల్యాబ్ · ఉదయం 9:45

మందు సంగతి రేపు చూసుకోవచ్చు, ఈ రోజు పరీక్షలు చేయండి. ఖర్చు లేనివే.

ముందు నేల. రాత్రి కుక్కలు పడుకునే చోట వెడల్పాటి తెల్ల పళ్లెంలో నీళ్లు పోసి నాలుగు చుక్కల గిన్నెల సబ్బు కలపండి. పళ్లేనికి జానెడు పైన చిన్న బల్బు వేలాడదీయండి. ఆ రాత్రికి కుక్కల్ని బయట కట్టేయండి. మిన్నల్లులు వెలుతురుకీ వేడికీ ఎగిరొచ్చి నీళ్లలో పడతాయి. సబ్బు ఉంటే నీటి మీద తేలలేక మునుగుతాయి. మామూలు నీళ్లు పెడితే కొన్ని తేలి బయటపడతాయి.

తర్వాత కుక్క. నడుము మీద, తోక మొదట్లో పేనుదువ్వెనతో దువ్వి, రాలిన నల్ల నలుసుల్ని తడిపిన తెల్ల కాగితం మీద వేయండి. మట్టయితే మట్టిరంగులోనే ఉంటుంది. నలుసు చుట్టూ ఇటుకరంగు మరక పాకిందంటే అది మిన్నల్లి రెట్ట, అంటే అరిగిన నెత్తురు. ఇదే పరీక్ష గుర్రం మీదా చేయండి.

మూడోది తెల్ల గుర్రం. ఇక్కడ చాలామంది పొరబడతారు. ఈపులు తెల్లగా ఉంటాయి, తెల్ల వెంట్రుకల మీద కనపడవు. నల్ల గుడ్డ గానీ నల్ల చార్టు ముక్క గానీ మెడ కింద పట్టుకుని, జూలు పాయ తీసి, ఖరారాతో (గుర్రం ఒళ్లు దువ్వే పళ్ల దువ్వెనతో) పైనించి కిందికి గట్టిగా నాలుగుసార్లు లాగండి. గుడ్డ మీద పడినదాన్ని ఎండలో రెండు నిమిషాలు పెట్టి చూడండి. చుండ్రయితే కదలదు, పేనయితే నీడ వైపు పాకుతుంది. దొరికినదాన్ని పారదర్శక టేపు ముక్కకి అంటించి, సెల్‌ఫోన్ కెమెరా ముందు భూతద్దం పెట్టి ఫొటో తీసి ఇక్కడ వేయండి.

తోక మొదలు రుద్దుతోందన్నారు కాబట్టి ఇంకొకటి. పొద్దున్నే తోక కడగకముందు టేపు జిగురు వైపు మలద్వారం చుట్టూ అద్ది, గాజు పలక మీద అంటించి పశువుల ఆసుపత్రికి ఇవ్వండి. దారపు నులిపురుగు ఆడది రాత్రిపూట బయటికి వచ్చి అక్కడ గుడ్లు పెడుతుంది. దురదంతా తోక దగ్గరే ఉండి జూలు బాగుంటే ముందు దాన్నే అనుమానించాలి. మీ గుర్రానికి జూలు కూడా పోయింది కాబట్టి అది కాకపోవచ్చు. అయినా టేపు పరీక్ష చేయించేస్తే అనుమానం తీరుతుంది.

కనిగిరి_దొడ్డి · మధ్యాహ్నం 1:10

జూలూ తోకా రెండూ రుద్దుతోందంటే అది నుసుమల దురద కదా? సముద్రం పక్కన బురద, రొయ్యల గుంటలు. నుసుమలకి ఇంతకన్నా ఏం కావాలి?

కావలి_పశువైద్యం · మధ్యాహ్నం 2:26

సరైన అనుమానమే, నేనూ దాన్ని పక్కన పెట్టలేదు. ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్లుండే నుసుమలు కుట్టినప్పుడు వాటి లాలాజలానికి కొన్ని గుర్రాల ఒళ్లు పడదు. అందరికీ రాదు. ఒకే షెడ్డులో పది గుర్రాలుంటే ఒకటో రెండో జూలు పీక్కుంటాయి, మిగతావి మామూలుగా ఉంటాయి. పొద్దు పొడిచేటప్పుడూ పొద్దు వాలేటప్పుడూ ఎక్కువ. ఏటా అదే కాలానికి తిరగబెడుతుంది, ఏటేటా ముదురుతుంది కూడా. కాబట్టి అడగాల్సిన ప్రశ్న ఇది: పోయినేడు ఇదే రోజుల్లో ఈ తెల్లది రుద్దుకుందా?

అదే అయితే దారి వేరు. నుసుమలు బలహీనంగా ఎగురుతాయి, గాలికి నిలవలేవు. షెడ్డులో పెద్ద ఫ్యాన్ సాయంత్రం నాలుగున్నర నుంచి రాత్రి ఎనిమిది దాకా, మళ్లీ తెల్లవారుజామున నాలుగు నుంచి ఏడు దాకా గుర్రం మీదికి తిరుగుతుంటే సగం బాధ తగ్గుతుంది. మామూలు దోమతెర కన్నాల్లోంచి దూరిపోతాయి, ఇంకా సన్న నేత కావాలి. లద్దె కుప్పా, నీళ్లతొట్టి చుట్టూ బురదా ఉండకూడదు.

మైపాడుతీరం · మూడో రోజు, ఉదయం 7:15

పోయినేడు రుద్దుకోలేదు మేడమ్. జూలు దువ్వి, అల్లి పూలు కట్టే గుర్రం, అప్పుడే తెలిసిపోయేది.

పరీక్షలన్నీ చేసినాం. పళ్లెంలో రాత్రికి పంతొమ్మిది పడినాయి, అన్నీ గోధుమరంగువి, పక్కలు నొక్కినట్టుండేవే. కుక్కల నలుసులు తడి కాగితం మీద ఎర్రగా పాకినాయి, మూడింటికీ. ఎర్ర గుర్రం కాళ్ల మీద నలుసులు అసలు లేవు, పురుగూ లేదు.

తెల్లదాని జూలు కింద నల్ల గుడ్డ పట్టి ఖరారా లాగితే ఏడు పురుగులు పడినాయి. పసుపూ గోధుమా కలిసిన రంగు, నువ్వుగింజలో సగం కూడా లేవు. ఎండలో పెడితే పాకినాయి, ఎగరలా. ఫొటో పెడుతుండా. నులిపురుగుల టేపు ఆసుపత్రిలో ఇచ్చినాం, గుడ్లు లేవన్నారు.

ఒంగోలు_ల్యాబ్ · ఉదయం 8:02

ఫొటో బాగా వచ్చింది. తల చూడండి: రొమ్ము కన్నా వెడల్పు, ముందు గుండ్రంగా ఉంది. ఇది కొరికే పేను. చర్మం మీది చుండ్రు, రాలిన తునకలు తిని బతుకుతుంది. రెండోరకం నెత్తురు పీల్చే పేను. దాని తల సన్నగా కోసుగా ఉంటుంది, ఒళ్లు బూడిదరంగు, సైజులో దీనికి దాదాపు రెట్టింపు. జూలు మొదట్లో, తోకలో, చీలమండల వెంట్రుకల్లో దాగుతుంది. అది ఎక్కువైతే గుర్రం నెత్తురు తగ్గి చిక్కిపోతుంది.

ఈ తేడా మందు దగ్గర అక్కరకొస్తుంది. నోటిలో పెట్టే ఐవర్‌మెక్టిన్ పేస్టు నెత్తురు ద్వారా పనిచేస్తుంది కాబట్టి పీల్చే పేనుని చంపుతుంది. కొరికే పేను నెత్తురు తాగదు, అందుకే పేస్టు దాని మీద సరిగా పనిచేయదు. మీకు ఒంటికి పోసే మందే కావాలి.

కావలి_పశువైద్యం · ఉదయం 8:40

ఇప్పుడు లెక్క తేలింది. తెల్లదానికి పేలు. ఎర్రదాని కాళ్ల మీదివి మిన్నల్లి కాట్లు, అవి నేల నుంచి వస్తున్నాయి. మిన్నల్లి నిట్టనిలువుగా జానెడు ఎత్తుకి ఎగరగలదు. అందుకే గుర్రానికి మోకాళ్ల కింద, మనుషులకి చీలమండల దగ్గర కాట్లు. గుర్రానికి మిన్నల్లి మందు పోసి లాభం లేదు, అది అక్కడ కాపురం లేదు. నేలనీ కుక్కల్నీ మేకల్నీ చూసుకోవాలి.

పేలు గుర్రం నుంచి గుర్రానికే పోతాయి. కుక్కకి, మేకకి, మనిషికి అంటుకోవు. మరి తెల్లదానికి ఎక్కడివి? పెళ్లి అలంకరణ ముఖమల్ గుడ్డ, జీను కింది గుడ్డ అద్దెకి తెచ్చినవైతే అక్కడే చూడండి. ఒకే గుడ్డ ముహూర్తాల్లో నాలుగు గుర్రాల మీద తిరుగుతుంది.

మైపాడుతీరం · ఉదయం 9:00

గుడ్డలు అద్దెవే మేడమ్. ఖరారా కూడా రెండు గుర్రాలకీ ఒకటే.

బుచ్చి_గుర్రాలు · ఉదయం 10:30

ఇంత తతంగం ఎందుకన్నా, ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ చర్మం కింద ఒకటి వేసేస్తే ఆవులకి మాదిరి అన్నీ పోతాయి కదా? లేదంటే పొగాకు కషాయం. కందుకూరు వైపు పొగాకు కాడలకి కరువా, ఎడ్లకి పేలు పడితే అదే పూసేవాళ్లు.

కావలి_పశువైద్యం · ఉదయం 11:12

రెండూ వద్దు, ఎందుకో చెప్తాను. ఆవుల కోసం చేసిన ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ గుర్రానికి పొడిస్తే ఆ చోట వాపు రావచ్చు. కొన్నిసార్లు కండలో గాలి లేనిచోట పెరిగే క్రిములు చేరి కండ కుళ్లి ప్రాణం మీదికి వస్తుంది. గుర్రానికి ఆ మందు నోటి పేస్టుగానే. పైగా కొరికే పేనుకి పనిచేయదని ఇప్పుడే అనుకున్నాం.

పొగాకులో ఉండే నికోటిన్ చర్మంలోంచి తేలిగ్గా లోపలికి దిగుతుంది. కషాయం ఎంత చిక్కగా ఉందో కొలిచే దారి లేదు. ఒళ్లు వణకడం, చొంగ కారడం, ఎగశ్వాస, ఆ తర్వాత పడిపోవడం. పుండున్న చర్మం మీద పూస్తే ఇంకా త్వరగా. ఎడ్లకి పూసి బతికి ఉండొచ్చు, అది మోతాదు తెలిసి జరిగింది కాదు.

ఇదే మాట మిర్చికీ పత్తికీ కొట్టే సైపర్‌మెత్రిన్ గురించి కూడా. పేరు ఒకటే అయినా పొలం మందులో కలిపే నూనెద్రావకం చర్మాన్ని కాలుస్తుంది, బలం కూడా పశువుల మందు కన్నా చాలా ఎక్కువ. కిరసనాయిలు కూడా అంతే, బొబ్బలెక్కుతాయి.

కందుకూరు_లాయం · మధ్యాహ్నం 12:50

పోసే పద్ధతి నేను రాస్తా, తప్పుంటే మేడమ్ దిద్దాలి.

డెల్టామెత్రిన్ 1.25 శాతం పశువుల మందు, అంటే మిల్లీలీటరుకి 12.5 మిల్లీగ్రాములది. లీటరు నీళ్లకి 2 మిల్లీలీటర్లు. మూతతో కొలవొద్దు, సూది తీసేసిన సిరంజితో కొలవండి. 300 కిలోల గుర్రానికి మూడు లీటర్లు సరిపోతాయి, అంటే 6 మిల్లీలీటర్ల మందు. కలిపినది ఆ పూటే వాడాలి, మర్నాటికి ఉంచకూడదు.

ముందురోజే అరచేయంత చోట, మెడ పక్కన పూసి 24 గంటలు చూడండి. దద్దు లేస్తే ఆపి డాక్టరుకి చెప్పండి. లేవకపోతే మర్నాడు పొద్దున ఎండ ముదరకముందు నీడలో కట్టి మొదలుపెట్టండి. చెమట పట్టిన ఒంటి మీద, గాయాల మీద పోయకూడదు. దానికి ముందు మామూలు సబ్బుతో కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. దుమ్మూ జిడ్డూ ఉంటే మందు వెంట్రుక మొదలు దాకా దిగదు. ఎక్కువమందికి పని చెడేది ఇక్కడే. పైపైన వెంట్రుకలు తడిపి అయిపోయిందనుకుంటారు, పేను మాత్రం కింద చర్మం మీద క్షేమంగా ఉంటుంది. వెంట్రుకలకి ఎదురుగా స్పాంజితో రుద్దుతూ చర్మం తడిసేదాకా పట్టించాలి. జూలు పాయలు పాయలుగా విడదీయాలి. తోక మొదలు, గడ్డం కింద, తొడల సందు మర్చిపోవద్దు. తర్వాత నీళ్లతో కడగకుండా నీడలో ఆరనివ్వండి. రబ్బరు తొడుగులు వేసుకోండి.

కావలి_పశువైద్యం · మధ్యాహ్నం 1:35

పద్ధతి బాగుంది. రెండు దిద్దుబాట్లు. మొహానికి పోయొద్దు, స్పాంజి బాగా పిండి కళ్లూ ముక్కూ నోరూ తప్పించి తుడవాలి. రెండోది, కొనే సీసా లేబుల్ మీద గుర్రం ఉందో లేదో చూసి, లేకపోతే మీ ఊరి డాక్టరు రాసిచ్చాకే వాడండి. చూడి గుర్రానికీ, నెలల పిల్లకీ డాక్టరు చెప్పనిదే అసలు వద్దు.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. మందు ఈపుల్ని చంపదు. ఈపు అయిదు రోజుల నుంచి ఇరవై రోజుల లోపు పగులుతుంది. ఈ రోజు పోసి ఊరుకుంటే మూడు వారాలకి మళ్లీ మొదటికొస్తుంది, "మందు నకిలీది" అంటారు. సరిగ్గా పద్నాలుగో రోజున రెండోసారి పోయాలి. ఈపుల్లోంచి వచ్చిన పిల్లలు మళ్లీ గుడ్లు పెట్టేంత పెద్దవి కాకముందే పోవాలి. ఎర్రదానికి పురుగు కనపడకపోయినా అదే రోజు, అదే మందు. ఒకదానికి పోసి ఒకదాన్ని వదిలితే చేసినదంతా వృథా.

గుడ్డలూ పగ్గాలూ ఖరారాలూ కాగిన నీళ్లలో నానబెట్టి ఉతకండి. ముఖమల్‌కి వేడినీళ్లు పడవంటే నల్ల ప్లాస్టిక్ సంచిలో మూతి గట్టిగా కట్టి పది రోజులు ఎండలో పెట్టండి. గుర్రం ఒళ్లు లేకుండా పేను వారం, మహా అయితే ఇంకో రెండు మూడు రోజులు బతుకుతుంది.

రొయ్యలగుంటల_గట్టు · సాయంత్రం 4:05

మైపాడు కాబట్టి చెప్తుండా. ఆ మందు కడిగిన నీళ్లు, స్పాంజి పిండిన నీళ్లు, ఖాళీ సీసా, ఏదీ కాలవలోకి గానీ గుంటల వైపు గానీ పోకూడదు. డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్ జాతి మందులు చేపలకీ రొయ్యలకీ చుక్క చాలు. మందు పోసిన గుర్రాన్ని ఆరకుండానే కాలవలో దించొద్దు. కాలవకి దూరంగా, మట్టి మిట్ట మీద నిలబెట్టి పోయండి. మిగిలింది అక్కడే పొడిమట్టిలో ఇంకనివ్వండి.

జట్కారోడ్డు · సాయంత్రం 5:30

నేల సంగతి ఎవరూ పూర్తిగా చెప్పలా. మిన్నల్లి పని అంతా అక్కడే ఉండాది.

ఆడ మిన్నల్లి కుక్క మీద గుడ్లు పెడతాది, ముమ్మరంలో రోజుకి నలభై దాకా. ఆ గుడ్లు ఒంటికి అంటుకోవు, జారి గడ్డిలో పడిపోతాయి. పురుగు పిల్ల నీడలో, చెమ్మలో పెరగతాది. తర్వాత గూడు కట్టుకుని అందులో ఉంటాది. ఆ గూటికి దుమ్ము అంటుకుని మట్టి రేణువు మాదిరే ఉంటాది, మందు లోపలికి దిగదు. కాలి అదురు తెలిస్తే, వెచ్చదనం తగిలితే బయటికి దూకతాది. ఖాళీగా పడున్న షెడ్డులోకి నెలల తర్వాత అడుగుపెడితే కాళ్లకి ఎగబడేది ఇందుకే.

ఈ ఈశాన్య వానలకి నేల ఆరకుండా ఉండాది కదా, పురుగుకి అదే బలం. గుర్రాల్ని రెండు రోజులు బయట సరుగుడు నీడలో కట్టు. గడ్డంతా తీసి షెడ్డుకి దూరంగా తగలబెట్టు. నేల మీది పొడిమట్టి ఒక అంగుళం చెక్కి పారేయి. గోడల మూలలూ, కుక్కలు పడుకునే చోటూ, దాణా డబ్బాల కిందా ఎక్కువగా చెక్కు. రేకు ఒకటి రెండు తీసేస్తే ఎండ లోపలికి పడతాది, దానికి మించిన మందు లేదు. నేలకి మందు కొట్టి, పూర్తిగా ఆరినాకే కొత్త గడ్డి. రెండు వారాలకి మళ్లీ కొట్టు, గూళ్లలోంచి వచ్చినవి అప్పుడు పోతాయి. సున్నం చల్లమంటారు, వద్దు. తడి గిట్ట అడుగున మెత్తని చోటు కాలతాది.

కనిగిరి_దొడ్డి · సాయంత్రం 6:12

కుక్కలకి బరువు ప్రకారం డాక్టరు రాసిన చుక్కల మందో మాత్రో ఒకే రోజు మూడింటికీ వేయండి. పిల్లి తిరుగుతుంటే కుక్కల పెర్మెత్రిన్ మందు దానికి తగలనివ్వొద్దు, చచ్చిపోతుంది. మేకలోళ్లని కూడా కలుపుకోండి, దొడ్డి అదే రోజు ఊడ్పించండి. పాలిచ్చే మేకలకి ఏ మందు వేస్తే ఎన్నాళ్లు పాలు వాడకూడదో అడిగి తెలుసుకోవాలి. షెడ్డులో కోళ్లుంటే గుర్రం కళ్ల చుట్టూ, చెవి అంచుల్లో చూడండి. కోళ్ల మిన్నల్లి కరుచుకుని కదలదు, గుంపుగా నల్ల చుక్కల్లా ఉంటుంది.

మెట్ట ప్రాంతంలో మాకైతే మిన్నల్లి కన్నా పిడుదులే పెద్ద బెడద. సర్కారు తుమ్మల్లో మేపుకొస్తే చెవుల్లోపల, జూలు కింద, తొడ సందుల్లో ఉంటాయి. పట్టుకారతో చర్మానికి ఆనించి, మూతి దగ్గర పట్టి, తిప్పకుండా నిదానంగా నేరుగా లాగాలి. గోళ్లతో చిదమొద్దు, లోపలి నెత్తురు చేతి గాయానికి తగిలితే మనిషికీ జబ్బులొస్తాయి. మూతపడే సీసాలో స్పిరిట్ పోసి అందులో వేయండి.

కావలి_పశువైద్యం · రాత్రి 8:15

పిడుదుల మాట వచ్చింది కాబట్టి. పిడుదులున్న గుర్రానికి జ్వరం వచ్చి, కంటిపొర తెల్లగా గానీ పచ్చగా గానీ మారి, మూత్రం కాఫీరంగులో పోతే నెత్తురు పరీక్ష అదే రోజు. పిడుదు ద్వారా ఎర్రకణాల్లో చేరే పరాన్నజీవి అది. జోరీగలు ఎక్కువైన వానాకాలం తర్వాత విడతలు విడతలుగా జ్వరం వస్తూ, మేత తింటూనే చిక్కిపోతూ, పొట్ట కింద, కాళ్లలో నీరు దిగితే సర్రా అనే నెత్తురు జబ్బు అనుకోవాలి. దానికీ నెత్తురు పూత పరీక్షే. ఇవి ఒంటికి పోసే మందులతో తగ్గవు.

వానల్లో వీపు మీద వెంట్రుకలు కుచ్చులు కుచ్చులుగా పెచ్చుతో సహా ఊడొస్తే అది పురుగు కాదు, తడికి వచ్చే సూక్ష్మజీవి. ఒళ్లు ఆరబెట్టాలి. గుండ్రంగా రూపాయి బిళ్లంత వెంట్రుకలు పోతే తామర, మనుషులకీ అంటుతుంది.

ఇంకొకటి ముట్టుకునేముందే గుర్తుపట్టాలి. కాలి లోపలి వైపు తాడు పేనినట్టు నరం ఉబ్బి, దాని వెంట వరసగా కణుతులు లేచి, పగిలి తేనెలాంటి చీము కారితే గ్లాండర్స్ అయ్యుండొచ్చు. మనిషికి సోకితే ప్రాణాంతకం. 2009 నాటి పశువుల అంటువ్యాధుల చట్టం కింద ప్రభుత్వానికి తెలపాల్సిన జబ్బు. గుర్రాన్ని కదల్చకుండా, విడిగా కట్టి, వెంటనే పశుసంవర్ధక శాఖకి చెప్పండి. నమూనా ప్రభుత్వమే నిర్ధారణకి పంపుతుంది. హర్యానాలో హిస్సార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం ఆ పని చేస్తుంది.

బుచ్చి_గుర్రాలు · రాత్రి 8:50

పొగాకు మాట వెనక్కి తీసుకుంటున్నా మేడమ్. దాణాలో వెల్లుల్లి పెడితే ఈగలూ పేలూ రావంటారు, అదైనా పెట్టొచ్చా? సాయంత్రం వేపాకు పొగ?

కావలి_పశువైద్యం · రాత్రి 9:20

వెల్లుల్లి రోజూ ఎక్కువ మోతాదులో పెడితే గుర్రానికి ఎర్రకణాలు విరిగి నెత్తురు తగ్గుతుంది. వద్దు. వేపాకు పొగ ఆరుబయట, గాలివాటున, గుర్రానికి దూరంగా అయితే పర్వాలేదు. మూసిన షెడ్డులో వేయకండి, గుర్రం ఊపిరితిత్తులు పొగకీ దుమ్ముకీ చాలా త్వరగా దెబ్బతింటాయి. వేపనూనె చిక్కగా పూస్తే చర్మం మండుతుంది. కొబ్బరినూనెలో కొద్దిగా కలిపి, అరచేయంత చోట ముందు చూసుకుని, నుసుమలకి జూలు మీద రాయొచ్చు. పేలకి అది చాలదు.

మైపాడుతీరం · నాలుగో రోజు, ఉదయం 6:20

అమిట్రాజ్ సీసా షాపులో తిరిగిచ్చేసినాం. డాక్టరు గారు డెల్టామెత్రిన్ రాసిచ్చినారు. నిన్న మధ్యాహ్నమే మెడ మీద కొంచెం పూసినాం, ఇప్పటిదాకా దద్దు లేదు. నులిపురుగుల మందు కూడా ఆరునెలలయింది పెట్టి, ఐవర్‌మెక్టిన్ పేస్టు ఎంత పెట్టాలి? తూకం యాడా దొరకదు.

కందుకూరు_లాయం · ఉదయం 7:00

టేపుతో కొలువు తమ్ముడూ. ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత సెంటీమీటర్లలో. భుజం మొన నుంచి పిర్ర మొన దాకా పొడవు సెంటీమీటర్లలో. చుట్టుకొలతని చుట్టుకొలతతో గుణించి, దాన్ని పొడవుతో గుణించి, 11,877తో భాగిస్తే కిలోలు. చుట్టుకొలత 156, పొడవు 146 అయితే దాదాపు 299 వస్తుంది, 300 అనుకో. కిలోకి 0.2 మిల్లీగ్రాములు, అంటే 60 మిల్లీగ్రాములు. 1.87 శాతం పేస్టు గ్రాముకి 18.7 మిల్లీగ్రాములు కాబట్టి మూడు గ్రాముల పైచిలుకు. పేస్టు సిరంజి మీద కిలోల గీతలుంటాయి, 300 దగ్గర మర బిగించి, నాలుక వెనక భాగాన పెట్టి, మింగేదాకా తల ఎత్తి పట్టుకో. నోట్లో గడ్డి ముద్ద ఉంటే దాంతో కలిసి ఉమ్మేస్తుంది, ముందు నోరు కడుగు.

కావలి_పశువైద్యం · ఉదయం 7:25

పేస్టూ, ఒంటి మందూ ఒకే రోజు వద్దు. వారం ఎడం పెట్టండి. ఏదైనా తేడా చేస్తే దేనివల్లో తెలియాలి కదా.

మైపాడుతీరం · పద్దెనిమిదో రోజు, సాయంత్రం 5:40

ఈ రోజు పొద్దున రెండోసారి పోసినాం, రెండింటికీ. పొయ్యకముందు నల్ల గుడ్డ పట్టి లాగితే తెల్లదాని నుంచి రెండే పడినాయి, చాలా చిన్నవి. పళ్లెంలో రాత్రికి ఒక్కటి. నేలకి కూడా రెండోసారి కొట్టినాం. ఎర్రది కాళ్లు కొట్టడం మానేసింది. జూలు మధ్యలో పోయినచోట నూగు వస్తుండాది. పై వారం పెళ్లి ఉంది, అద్దె గుడ్డ వేయొచ్చా?

జట్కారోడ్డు · సాయంత్రం 6:05

అద్దె గుడ్డ వద్దు తమ్ముడూ. సొంతానికి ఒక జీను గుడ్డ కుట్టించుకో, నూలుది, ఉతికేది. మీద ముఖమల్ వాళ్లది వేసినా, అడుగున ఒంటికి తగిలేది మాత్రం నీదే ఉండాలి. ఊరేగింపు అయి వచ్చినాక గుడ్డ లాయంలోకి తేకుండా బయటే విప్పి ఉతుకు. జూలు ఇప్పుడే అల్లొద్దు, నూగు మళ్లీ తెగతాది, పూలదండ మెడలో వేస్తే చాలు.

కావలి_పశువైద్యం · సాయంత్రం 6:30

ఇంకో రెండు వారాలకి, అంటే ముప్పై రెండో రోజు, మళ్లీ నల్ల గుడ్డ పట్టి చూడండి. ఒక్కటి కూడా పడకపోతే మందు ఇక అక్కర్లేదు. పడితే ఫొటో ఇక్కడ వేయండి, పోయకముందే.